మొక్కవోయినది మొద్దు కాదు



సన్మాన పత్రాల్లో, సంస్మరణ సభల్లో “మొక్కవోని దీక్ష” అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఇందులోని మొక్కకూ చెట్టుచేమలకూ సంబంధం లేదు. ఆయుధపు అంచు దెబ్బతిని వాడి తగ్గడమే ఇక్కడి మొక్క. దానికి ‘పోవు’ చేరినప్పుడు పకారం వకారమై ‘మొక్కవోవు’ అయింది. పేరువోవు, వన్నెవోవు అన్నవీ ఈ తీరువే. దీని వ్యతిరేక రూపమే ‘మొక్కవోని’. సంస్కృతంలో ‘కుంఠ’ అన్నా వాడి లేనిదనే అర్థం. కనుక అకుంఠిత దీక్ష, మొక్కవోని దీక్ష ఒక్కటే. రెండింటినీ ఒకే వాక్యంలో పేర్చడం పునరుక్తి.

క్షీణతను తెలిపే క్రియలు మనకు అనేకం ఉన్నా, ఒకదాని చోట మరొకటి ఇమడదు. చూపు, ఆకలి, వేగం మందగిస్తాయి. ఆశ, ఓపిక సన్నగిల్లుతాయి. జ్ఞాపకం మసకబారుతుంది. కత్తి, ధైర్యం, పట్టుదల మొక్కవోతాయి. అంటే, ముందు పదును ఉండాలి. ఆ తరువాతే అది పోవాలి.

అరబీలో ఇందుకు దగ్గరి క్రియ ‘ఫల్ల’. ఖడ్గపు అంచున పడిన గంటు ‘ఫల్లహ్’. హజ్రత్ జుబైర్ (రజి) ఖడ్గానికి క్రీ.శ. 624 నాటి బద్ర్ యుద్ధంలో అలాంటి గంటు పడింది. ఆయన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) అమరులైన తరువాత ఖలీఫా అబ్దుల్ మలిక్, మరో కుమారుడైన ఉర్వాను ఆ ఖడ్గానికి గుర్తేమిటని అడిగారు. ఉర్వా ఆ గంటునే చెప్పగా, ఖడ్గాన్ని ఆయనకు తిరిగి ఇచ్చేశారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. అక్కడ గంటు లోపం కాలేదు, పనిచేసిన ఆయుధమనడానికి సాక్ష్యమైంది.

ఈ భేదం నిఘంటువుకే పరిమితం కాదు. వానలు మొగం చాటేసిన ఏట మా కోడుమూరు ప్రాంతపు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోతాయి. పిల్లలూ వెంట పోతారు. నెలల తరువాత తిరిగివచ్చిన బిడ్డకు ఎక్కాలు గుర్తుండవు. అప్పుడు మన నోట అలవోకగా వచ్చే మాట “మొద్దు”. మొద్దు అంటే ఏనాడూ అంచు లేని కొయ్యదుంగ. ఆ మాట పదిసార్లు చెవినబడితే తల్లిదండ్రులూ నమ్ముతారు. మరుసటి ఏట ఆ బిడ్డకు బడి ఉండదు.

కొడవలి కక్కు అరిగితే రైతు దాన్ని పారవేయడు. కొలిమికి తీసుకుపోయి కక్కు కొట్టిస్తాడు. పాఠం అప్పజెప్పలేని బిడ్డ ఎదుట నిలిచినప్పుడు, ఎక్కడ ఆగాడో అడిగి తెలుసుకొని, అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టండి.