కుట్టుమిషను ఇస్తే సరిపోతుందా?

గృహహింస బాధితురాలికి పునరావాసం అనగానే అందరికీ మొదట గుర్తొచ్చేది కుట్టుమిషనే. అయితే ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మహిళకు రాత్రుళ్లు కంటినిండా నిద్ర ఉండదు. తలకు దెబ్బలు తగిలి ఉంటే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత సన్నగిల్లే ప్రమాదముంది. కొలతల కాగితం ఎదుటే ఉన్నా గుడ్డ ఎక్కడ కత్తిరించాలో తోచదు. నాలుగు రోజులు శిక్షణకు రాకపోతే ఆమెకు ఆసక్తి లేదని తేల్చేస్తారు.

ఈ దశలో అవసరమైనది ఆక్యుపేషనల్ థెరపీ. దీన్ని వృత్తి శిక్షణగా పొరబడేవారే ఎక్కువ. నిద్ర లేవడం, వండుకోవడం, పిల్లలను బడికి పంపడం, డబ్బు లెక్క చూసుకోవడం వంటి నిత్యకృత్యాలను తిరిగి చేజిక్కించుకునేలా చేసే చికిత్స ఇది. వంటగదిలోనే దెబ్బలు తిన్న మహిళకు గిన్నె కిందపడిన చప్పుడుకే గుండె దడ పుట్టవచ్చు. అలాంటప్పుడు టీ కాయడంతో మొదలుపెట్టి, క్రమంగా పూర్తి వంట వరకు తీసుకెళతారు. బ్యాంకు పుస్తకం ఏనాడూ చేతికి రాని మహిళతో తొలుత తోడుగా వెళ్లి, తర్వాత ఒంటరిగా పంపి డబ్బు తీయిస్తారు. కౌన్సెలింగ్‌లో చెప్పుకున్న ధైర్యం ఇక్కడ చేతల్లోకి వస్తుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18-49 ఏళ్ల వివాహితల్లో భర్త హింసను చవిచూసినవారు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. 2015లో మొదలైన సఖి కేంద్రాల పథకంలో వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి ఉన్నాయి. ఆక్యుపేషనల్ థెరపీ ప్రత్యేక సేవగా లేదు. వసతి సైతం సాధారణంగా ఐదు రోజులే. చెదిరిన దినచర్య కుదుటపడటానికి అది ఏ మూలకు? 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ చికిత్సకు గుర్తింపునిచ్చింది. నిపుణులు మాత్రం ఎక్కువగా నగరాల్లో, పక్షవాత రోగుల వద్ద, ఆటిజం పిల్లల కేంద్రాల్లోనే కనిపిస్తారు. వారిని వారానికొక రోజు సఖి కేంద్రానికి రప్పించడం జిల్లా యంత్రాంగానికి అసాధ్యమేమీ కాదు.

2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస నిరోధక చట్టం 20వ సెక్షన్ కింద భరణంతోపాటు వైద్య ఖర్చులనూ కోరవచ్చు. వైద్యుడు ఈ చికిత్సను సూచిస్తూ చీటీ రాస్తే, దాని ఖర్చును సైతం పిటిషన్‌లో చేర్చి మేజిస్ట్రేట్‌ను అభ్యర్థించే వీలుంది. పిటిషన్ వేసే రోజే రక్షణాధికారి ఈ సంగతి బాధితురాలికి చెప్పాలి.