గుడారం ఎక్కడ వేద్దాం?

డిసెంబరు వచ్చిందంటే మా పదో తరగతి పిల్లలు నన్ను వదలరు. "మాస్టారూ, ఈసారి మారేడుమిల్లి అడవికి పోదాం. ఏటి ఒడ్డున గుడారాలు వేసుకుని రెండు రాత్రులు ఉందాం" అంటారు. అప్పటికే జాబితా కూడా రాసి తెస్తారు. అందులో మొదటిది బొంగు చికెన్. తరువాత బంతి, ఆ తరువాత పాటల పెట్టె. గుడారం ఎక్కడ వేయాలన్న మాట మాత్రం ఆ జాబితాలో ఎక్కడా కనిపించదు.

ఈ విషయంలో పెద్దల్లోనూ రెండు రకాలవారున్నారు. "అడవీ వద్దు, ఏరూ వద్దు. ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెబుతారు?" అని అసలు యాత్రలే మాన్పించేవారు కొందరు. "డబ్బు కడితే అన్నీ వాళ్ళే చూసుకుంటారు" అని ఏజెంటుకు అప్పగించి చేతులు దులుపుకునేవారు మరికొందరు. ఈ రెండు పద్ధతులూ నాకు సమ్మతం కావు. మొదటి పద్ధతిలో పిల్లలు అడవిని చూడనే చూడరు. రెండో పద్ధతిలో చూస్తారు గాని ఏమీ తెలుసుకోరు. యాత్రకు ప్రణాళిక వేయవలసినవారు విద్యార్థులే. తరగతి గదిలో, ఉపాధ్యాయుని పక్కన కూర్చుని, నెల రోజుల ముందే వేయాలి. అది మీ సైన్సు పాఠాల్లో ఒకటి కావాలని నా అభిప్రాయం.

ఎందుకంటారా? 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో ఏం జరిగిందో వినండి. విహారయాత్రకు వెళ్ళిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు కొందరు బియాస్ నదిలోని రాళ్ళమీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ కేంద్రం ఆనకట్ట ఉంది. దాని గేట్లు ఎత్తగా వచ్చిన నీరు ఒక్కసారిగా వారిని చుట్టుముట్టింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట వెళ్ళిన యాత్రా నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. వారికి తగిన హెచ్చరిక అందలేదు. ఆ తప్పు పిల్లలది కాదు. అయితే మనం నేర్చుకోవలసినది ఒకటుంది. నది ఒడ్డున నిలబడినవాడు ఎదుట ఉన్న నీటిని చూస్తే చాలదు, ఎగువన ఏముందో కూడా తెలుసుకోవాలి.

మన గోదావరి వంటి పెద్ద నదికి హెచ్చరికలు చెప్పే ఏర్పాటు ఉంది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. మరి అడవిలోని చిన్న వాగుకు ఎవరు చెబుతారు? అక్కడ మన కళ్ళు, మన లెక్కలే మనకు దిక్కు.

ఒక చిన్న లెక్క చేద్దాం. మీ విడిదికి 18 కిలోమీటర్ల ఎగువన, కొండమీద, రాత్రి 9 గంటలకు పెద్ద వాన కురిసిందనుకోండి. వరద సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. అంటే గంటకు 7.2 కిలోమీటర్లు. 18ని 7.2తో భాగిస్తే రెండున్నర గంటలు. రాత్రి పదకొండున్నరకు, మీ నెత్తిన చుక్కలు మెరుస్తుండగా, మీరు గాఢనిద్రలో ఉండగా, నీరు గుడారం చేరుతుంది! ఆ నీరెంత? 30 చదరపు కిలోమీటర్ల మేర 50 మిల్లీమీటర్ల వాన పడితే 150 కోట్ల లీటర్లు. సగం నేలలో ఇంకినా 75 కోట్ల లీటర్లు మిగులుతుంది. పైగా ప్రవాహవేగం రెండింతలైతే నీటి తోపు నాలుగింతలవుతుంది. మోకాలిలోతు నీరేగదా అనుకోవడం పొరపాటు.

ఇరవయ్యేళ్ళ కిందట నేనే ఆ పొరపాటు చేయబోయాను. పాతికమంది పిల్లలతో ఆ కొండల్లోని ఒక వాగు దగ్గరికి వెళ్ళాను. వాగు మధ్యలో తెల్లని ఇసుక తిన్నె. చదునుగా, మెత్తగా ఉంది. ముల్లు లేదు, రాయి లేదు. అక్కడే గుడారాలు దింపించాను. అటుగా వచ్చిన కొండరెడ్డి వృద్ధుడొకాయన నవ్వి, "పంతులుగారూ, ఇది ఏరు పడుకునే మంచం. మీరెక్కి పడుకుంటే ఎట్లా?" అన్నాడు. ఒడ్డున ఉన్న చెట్టు కొమ్మను చూపించాడు. నా తలకన్నా ఎత్తున, ఆ కొమ్మకు ఎండుగడ్డి, పుల్లలు చిక్కుకుని ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టింది గాలి కాదు, వరద. సైన్సు మాస్టారినై ఉండి నేను చూడనిది ఆయన చూశాడు! ఆలోచిస్తే ఆ ఇసుకను పరిచింది కూడా వరదే. ప్రవాహం నెమ్మదించిన చోట ఇసుక అడుగుకు దిగి మేట వేస్తుంది. మనకు పరుపులా కనిపించేది వరద చేసిన సంతకమన్నమాట.

కాబట్టి జాబితాలో మొదటి ప్రశ్న 'ఎక్కడ పడుకుంటాం?' అన్నదే కావాలి. వరద గుర్తుకన్నా బాగా ఎత్తున, తిరిగి వెళ్ళే దారి ఉన్న ఒడ్డుననే గుడారం వేయాలి. అవతలి ఒడ్డున వేస్తే, నీరు పెరిగినప్పుడు దారి తెగిపోతుంది. ఎత్తున ఉంటే మరో లాభం కూడా ఉంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి, నీటిలాగే పల్లానికి జారుతుంది. అందుకే ఏటి పక్కన చలి, మంచు ఎక్కువ. ఎండు కొమ్మలున్న చెట్టు కింద, వెదురు పొదల పక్కన కూడా వేయకూడదు.

రెండవ ప్రశ్న 'ఎలా పడుకుంటాం?' అన్నది. ఆ కొండల్లో మలేరియా ఉంది. దాన్ని మోసే ఎనాఫిలిస్ దోమ కుట్టేది రాత్రిపూటే. కట్లపాము తిరిగేదీ రాత్రిపూటే. నేలమీద పడుకున్నవారిని కాటువేస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. దోమతెర అంచులను పక్క కిందికి గట్టిగా దోపుకుంటే ఇద్దరు శత్రువులనూ చాలావరకు ఆపినట్టే. కాటు పడితే కట్లు బిగించడం, గాటు పెట్టడం వద్దు. కదలనీయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ ఆసుపత్రి ఎంత దూరమో, బండి ఎవరిదో ముందే రాసుకోవాలి. అడవిలో చాలాచోట్ల సెల్‌ఫోను పలకదు.

మూడవ ప్రశ్న 'ఎప్పుడు లేచిపోతాం?' అన్నది. నీరు హఠాత్తుగా మట్టిరంగుకు మారినా, ఆకులు పుల్లలు తేలివస్తున్నా, ఏటి చప్పుడు పెరిగినా వెంటనే పైకి ఎక్కాలి. ఆ మాట తరగతిలో అందరికన్నా చిన్నవాడు చెప్పినా సరే, వాదించకూడదు. పదిసార్లు ఉత్తినే ఎక్కినా మనకు పోయేదేమీ లేదు.

ఈ మూడింటికీ జవాబులు రాశాక, అటవీశాఖ అనుమతీ పెద్దల అంగీకారమూ తీసుకున్నాక, బొంగు చికెన్ సంగతి హాయిగా మాట్లాడుకోవచ్చు.

అన్నట్టు, ఆనాడు మేము గుడారాలు పీకి, వృద్ధుడు చూపిన మెరకమీద వేసుకున్నాం. ఆ రాత్రి వరద రాలేదు. తెల్లవారి చూస్తే ఇసుక తిన్నె పొడిగా అలాగే ఉంది. "అనవసరంగా మోయించారు మాస్టారూ!" అని పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. పాతికమందినీ లెక్కపెట్టుకుని బస్సెక్కించాను. మంచి ప్రణాళికకు దక్కే బహుమతి అంతే. చెప్పుకోవడానికి కథ ఏమీ మిగలదు. అందరూ ఇంటికి చేరతారు.

మరి ఈ వారం ఒక పని చేయండి. మీ ఊరికి దగ్గరలోని వాగు ఎక్కడ పుడుతుందో, ఎగువన ఏ చెరువు, ఏ ఆనకట్ట ఉన్నాయో కనుక్కుని పటం గీయండి. మీ మాస్టారికి చూపించి, ఆ తరువాత అడగండి: "యాత్రకు ఎప్పుడు వెళ్దాం?"