డిస్కు చెడినదా, డ్రైవు చెడినదా?

గత వేసవిలో గ్రంథాలయపు బీరువా సర్దుచుండగా మాకు మూడు చిన్న డిస్కులు దొరికినవి. 2007లో మన విద్యార్థులు పొందూరు వెళ్ళి, నూలు వడికెడి ఒక వృద్ధురాలి యింట కూర్చుండి చిత్రీకరించినవి అవి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకులు చేసి, వంద కౌంటు నూలు వడికెడి ఆ పనిని చూచినవారికి దాని విలువ చెప్పనక్కరలేదు. ఆ వృద్ధురాలు నేడు లేరు. ఆమె మనుమరాలు ఈ సంగతి విని, "మా మామ్మ గొంతు ఒకసారి ఇనిపించండి మాస్టారూ" అని అడిగినది. ఇది యెంత పని అనుకొంటిమి.

కంప్యూటరులో డిస్కు పెట్టితిమి. "డిస్కు పెట్టుడు" అని అది మమ్మే అడిగినది! మరమ్మతు చేయు ఒకాయనను పిలువగా, చూచీ చూడకముందే "డ్రైవు పోయింది" అనెను. పాతదానిని ఆయనకే యిచ్చివేసి కొత్తది వేయించితిమి. కొత్తదియు అదే మాట చెప్పినది. తొందరపడినందున ఇందులో సగము తప్పు మాది.

మన కళాశాలలోనే కాదు, అంతటను ఇదే అలవాటు నాటుకొన్నదని మా అభిప్రాయము. పరీక్ష లేకుండ తీర్పు చెప్పుదురు. దారము తెగినప్పుడు పొందూరు వడుకరి రాట్నము మార్చదు. ముందు ఏకును చూచును, కదురును చూచును, తన చేతి తడిని చూచును. మనమును అట్లే చేయవలసి యుండెను. మొదట, చక్కగా ఆడునని తెలిసిన వేరొక డి.వి.డి.ని పెట్టి చూడవలెను. అది ఆడిన డ్రైవు మంచిదే. ఆడకున్న ఒక సి.డి.ని పెట్టవలెను. సి.డి. ఆడి డి.వి.డి. ఆడనిచో ఆశ్చర్యపడనక్కరలేదు. సి.డి.ని చదువు లేసరు కాంతి 780 నానోమీటర్లు, డి.వి.డి.ది 650. రెంటికిని రెండు వేర్వేరు దీపములు డ్రైవులో నుండును గనుక ఒకటి ఆరినను రెండవది వెలుగుచుండవచ్చును.

డిస్కును తుడుచుటలోను మనకు తెలియమి యున్నది. గ్రామఫోను రికార్డును తుడిచినట్లు గుండ్రముగా తుడువరాదు. మెత్తని పొడి గుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. సమాచారము చుట్టలు చుట్టుకొని యుండును. అడ్డుగా పడిన గీతను యంత్రము తన లెక్కలతో పూడ్చుకొనగలదు గాని, చుట్టవెంబడి సాగిన గీతను పూడ్చుకొనలేదు. అట్లు తుడిచినంతనే మొదటి డిస్కు తెరుచుకొన్నది. మేము చెల్లించిన పైకము రుమాలుతో తీరవలసిన పనికి!

రెండవ డిస్కులో ఫైళ్ళు కనబడినవి, బొమ్మ మాత్రము రాలేదు. ఈ దోషము డిస్కుదియు కాదు, డ్రైవుదియు కాదు. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలు మైక్రోసాఫ్టువారు తమ మీడియా ప్లేయరునుండి డి.వి.డి. ఆడించు సౌకర్యమును తొలగించిరి. ఉచితముగా లభించు వి.ఎల్.సి. ప్లేయరు వేసికొనగానే ఆడినది. గల్ఫునుండి బంధువులు తెచ్చిన సినిమా డిస్కులు ఆడుట లేదని కొందరు విద్యార్థులు మాతో చెప్పుచుందురు. వారికొక మాట: డి.వి.డి.లకు మండలములున్నవి. మన దేశము ఐదవ మండలము, గల్ఫు దేశములు రెండవ మండలము. డ్రైవులో మండలమును ఐదుసార్లు మాత్రమే మార్చవచ్చును, తరువాత చివరిదే స్థిరపడును. కనుక ఆటగా మార్చరాదు.

ఇక మూడవది. ఆమె మాట్లాడినది అందులోనే యున్నది. కంప్యూటరు దానిని ఖాళీ డిస్కు అనుచున్నది. వెనుకకు త్రిప్పి వెలుతురులో చూడగా వ్రాసిన మేర ముదురు వలయముగ కంటికే తెలియుచున్నది! ఆ కాలపు కొన్ని కెమెరాలు ఎనిమిది సెంటీమీటర్ల డిస్కుపై నేరుగా చిత్రీకరించెడివి. ఒక్కొక్క ప్రక్కన 1.4 గిగాబైట్లు పట్టును. చిత్రీకరణ ముగిసిన పిమ్మట కెమెరాలోనే "ఫైనలైజ్" అను మీట నొక్కవలెను. నొక్కనిచో ఇతర యంత్రములకు అది ఖాళీగనే తోచును. ఆనాడు ఎవరో ఆ మీట నొక్కుట మరచిరి.

ముగింపబడని డిస్కులనుండి సైతము చదువగల ఐసోబస్టర్ వంటి ప్రోగ్రాములున్నవి. అయితే అన్ని డ్రైవులును అట్టి డిస్కును గుర్తింపవు. ఒకటి గుర్తించును, మరియొకటి నిరాకరించును. మా కొత్త డ్రైవు నిరాకరించినది. ఇచ్చివేసిన పాతది అంగీకరించెడిదేమో, ఎవరికెరుక? మిత్రుల యిండ్లలోని పాత కంప్యూటర్లలో వరుసగా ప్రయత్నింపగా మూడవచోట పదునొకండు నిమిషములు దక్కినవి. వానిని తీసికొని పొందూరు వెళ్ళితిమి. మనుమరాలు రెండుమార్లు విని, మూడవమారు పెట్టుమనలేదు; లోపలికి వెళ్ళి కొంతసేపు రాలేదు.

కార్యవర్గ సభ్యులకు మా విన్నపమిది. ఆ బీరువాలో ఇంకను నలుబదికి పైగా డిస్కులున్నవి. ఉర్దూ శాఖవారి ముషాయిరాలు, వార్షికోత్సవములు, పదవీ విరమణ చేసిన పెద్దల ప్రసంగములు అందులోనివే. ఇండ్లలో వ్రాసికొను డిస్కులలో సమాచారమును నిలుపునది ఒక రంగు పూత. ఎండకు, వేడికి, మన తీరపు తేమకు అది క్షీణించును. కొన్నింటిపై బాల్‌పెన్నుతో గట్టిగా పేర్లు వ్రాసిరి, అదియు హానియే. నేడు అమ్మెడి ల్యాప్‌టాపులలో చాలవరకు డిస్కు డ్రైవే లేదు. బయటి డ్రైవు తగిలింపవచ్చును గాని, ఒక యు.ఎస్.బి. మార్గపు కరెంటు కొన్నింటికి చాలక అవి మధ్యలో ఆగిపోవుచుండును. అప్పుడు కూడ జనులు డిస్కునే నిందింతురు.

రెండు హార్డు డిస్కులు, ఒక మంచి బయటి డ్రైవు, బాధ్యత వహించు ఒక మనిషి, ఒక రిజిస్టరు — ఇంతకు మించి మేము కోరుట లేదు. వార్షికోత్సవ వేదిక అలంకరణకు పెట్టు వ్యయములో ఇది కొంత భాగమే యగును. ఖర్చు దండుగ యనువారికి ఆ పదునొకండు నిమిషములను చూపుటకు మేము సిద్ధము.

2007లో పొందూరు వెళ్ళిన బృందములోని పూర్వ విద్యార్థులెవరైన ఈ సంచిక చూచినచో, ఆ కెమెరా ఎవరి యింట నున్నదో తెలుపగోరుచున్నాము. అది పనిచేయకున్నను సరే, పారవేయవద్దు.