బోర్డు మీద తేదీ

మొద్దు అన్నాను ఆ పిల్లని. ఒకసారి కాదు, మూడేళ్లలో ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఆరో తరగతి నుంచీ నా లెక్కల పీరియడ్‌లో బోర్డు చూసి ఒక్క లెక్క సరిగ్గా దింపుకుంటే ఒట్టు. మూడు ఉన్నచోట ఎనిమిది వేసేది. పక్కపిల్ల నోట్సులోకి తొంగిచూసేది. కాపీ కొడుతోందని చెవి మెలిపెట్టాను కూడా.

ఎనిమిదిలో ఉండగా కళ్ల పరీక్షకు ఎవరో వచ్చారు. కొన్నాళ్లకు అద్దాలొచ్చాయి. పెట్టుకున్న మొదటిరోజు బోర్డు వంక చాలాసేపు చూసి అడిగింది: "టీచర్, ఆ మూల రోజూ తేదీ రాస్తారా?"

రాస్తాం తల్లీ. తేదీ, దాని కింద హాజరు. ఆ హాజరులో నువ్వూ ఒక అంకెవి.

సిగ్గుతో రాస్తున్నానీ మాట. కానీ సిగ్గు నా ఒక్కదానికే ఉంటే చాలదు. గోడకు ఒక అక్షరాల చార్టు, ఆరు మీటర్ల దూరం. చూపు మందగించిన పిల్లను పట్టుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? తరగతికి ఒక పూట పట్టదు. ఎత్తు, బరువు రాసే గడులు రిజిస్టర్‌లో ఉన్నాయి. నిరుటి అంకెకు రెండు కలిపి వాటిని నింపేయడం కళ్లారా చూశాను. పిల్లని త్రాసు ఎక్కించకుండానే బరువు పెంచే విద్య మాది!

ఇక రక్తం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఆ పసివాళ్లే ఇప్పుడు బడికొస్తున్నారు. మధ్యాహ్నం రెండు దాటగానే బల్ల మీద తల ఆనిస్తారే, వాళ్లు. కింది రెప్ప లాగి చూడండి, కొబ్బరిముక్కలా పాలిపోయి ఉంటుంది. ఒంట్లో ఇనుము లేకపోతే ఆయాసం, నీరసం. ధ్యాస నిలవదు. నిన్న అప్పజెప్పిన ఎక్కం ఇవాళ గుర్తుండదు. దానికి మనం పెట్టిన పేరు 'బుర్రకెక్కదు'.

మందు లేక కాదు. పెద్ద పిల్లలకు వారానికొక నీలం మాత్ర ఇచ్చే పథకం 2013 నాటిది. అన్నం తిన్నాక వేయాలి. మా దగ్గర ప్రేయర్ అవగానే వేసేశారు, పని అయిపోతుందని. పొద్దున టీలో బిస్కెట్ ముంచుకు తినొచ్చిన పిల్లలు. కడుపులో తిప్పి ఇద్దరు కక్కుకున్నారు, మర్నాడు తల్లులొచ్చి దులిపేశారు. ఇంకేం, డబ్బాలు బీరువాలోకి పోయాయి. రిజిస్టర్‌లో మాత్రం వారం వారం టిక్కులు! బీరువా సర్దినప్పుడు గడువు తీరిన డబ్బాలు బయటపడితే గొయ్యి తీసి పూడ్చమన్నారు. పూడ్చాం.

ఆడపిల్లలు నీళ్లు తాగరు. ఎందుకని ఏ అధికారైనా అడిగాడా? మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా పెదాలు తడుపుకుంటూ కూర్చున్న పిల్లకి మూడింటికి తలనొప్పి రాక త్రికోణమితి వస్తుందా? పిప్పిపన్నుతో బుగ్గ పట్టుకున్నవాడూ, నులిపురుగులతో పొట్ట పట్టుకున్నవాడూ సరేసరి.

ప్రైవేటు బళ్లేదో వెలగబెడుతున్నాయని కాదు. ఒకటో తరగతిలోనే ఐఐటీ పునాది అంటారు, పిల్లాడు పరిగెత్తడానికి పది గజాల నేల ఉండదు.

తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రం నిలదీస్తారు: "సీ గ్రేడ్ వాళ్లెందరు? ఏం చర్యలు తీసుకున్నారు?" చర్య అంటే సాయంత్రం ఇంకో గంటన్నర కూర్చోబెట్టడం. పన్నెండున్నరకి తిన్న అన్నం మీద ఐదున్నర దాకా. ఆకలికి మందు లెక్కలా అయ్యా?

నా అద్దాల పిల్ల ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. అద్దాల కాడ విరిగితే కొన్నాళ్లు దారంతో కట్టుకుంది. ఇంకో జత అడిగితే, "ఒకసారి ఇచ్చాం కదమ్మా, ఆ పేరు మీద పడిపోయింది" అన్నారు. చివరికి నేనే కొన్నాను. అదే తరగతిలో ఇంకో నలుగురు కళ్లు చికిలించి బోర్డు చూస్తున్నారు.

నిన్న స్టాఫ్‌రూమ్‌కి కాగితం వచ్చింది, వెనకబడిన పిల్లల జాబితా కావాలట. క్రమసంఖ్య, పేరు, మార్కులు, తీసుకున్న చర్యలు: నాలుగే గడులు. ఆ నలుగురి పేర్లూ అందులో రాయాలి, సాయంత్రంలోగా.