గుర్రుమన్న కూనను కొట్టకండి

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ అపార్ట్‌మెంట్లలో కుక్కపిల్లలను పెంచుతున్న వారికొక మాట. తింటున్న కూన గుర్రుమంటే, యజమాని ఎవరో తెలియాలంటూ గిన్నె లాక్కోవడం, కొట్టడం క్రమశిక్షణ కాదు, అవివేకం. ఆ గుర్రు పొగరు కాదు, తిండి పోతుందన్న భయం. దెబ్బలతో ఆ హెచ్చరికను అణచివేస్తే, రేపు హెచ్చరించకుండానే కరుస్తుంది.

దూరం నుంచే మరింత రుచికరమైన ముక్క విసిరి వెళ్లిపోండి. మనిషి రాక నష్టం కాదని అది క్రమంగా నేర్చుకుంటుంది. తినే వేళ పసిబిడ్డలను దగ్గరకు పోనీయకండి.

పన్ను గాటు పడిందా? కారం, సున్నం పూయకండి. సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగండి. ఆనాడే నారాయణగూడ ఐపీఎంకు గానీ, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి గానీ వెళ్లి టీకా మొదలుపెట్టండి. ‘చిన్న కూనే కదా’ అని ఉపేక్షించకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.