చైనా అతిథి చూసిన మన వేంగి

మా మేనల్లుడు ఈమధ్య ఆఫీసు పనిమీద చైనా వెళ్లొచ్చాడు. పని అయ్యాక ఒకరోజు ఖాళీ దొరికితే షియాన్ నగరం చూశాడట. వచ్చిన మర్నాడే తాడేపల్లిగూడెంలో మా ఇంటికొచ్చి సెల్‌ఫోన్లో ఫొటోలు చూపించడం మొదలెట్టాడు. పాత ఊరి చుట్టూ సుమారు 14 కిలోమీటర్ల కోటగోడ. దానిమీద జనం సైకిళ్లు తొక్కుతున్నారు. నేల తవ్వితే బయటపడ్డ మట్టి సైనికులు బారులు తీరి నిలబడ్డారు. ఆఖర్న ఏడంతస్తుల ఇటుక గోపురం, దాని ముందు చేతికర్ర పట్టుకున్న సన్యాసి విగ్రహం.

''ఈయనెవరో చెప్పుకో మావయ్యా?''

''నాకేం తెలుసురా!''

''హ్యుయాన్‌త్సాంగ్. చిన్నప్పుడు సోషల్లో నువ్వే నాతో బట్టీ పట్టించావ్. మనదేశం నుంచి పట్టుకెళ్లిన గ్రంథాలు దాచడానికే 652లో ఈ గోపురం కట్టించారట. ఈయన మన పెదవేగి కూడా వచ్చాడంటారు. నువ్వెప్పుడైనా వెళ్లావా?''

నేను నీళ్లు నమిలాను. వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. ''మీ మావయ్యా? కాశీ చూశారు, సింగపూర్ చూశారు. ఏలూరు దాటి పన్నెండు కిలోమీటర్లు వెళ్లడానికే తీరిక లేదు.''

ఇక తప్పుతుందా? సంక్రాంతి సందడి తగ్గాక వచ్చిన ఆదివారం నాడు పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు సర్దుకుని కారెక్కాం. మేమిద్దరం, మేనల్లుడు, వాడి పదేళ్ల కూతురు.

దారిలో వాడు చెబుతూనే ఉన్నాడు. ఆ యాత్రికుడు మన ప్రాంతానికి వచ్చింది ఏడో శతాబ్దంలో, 640 ప్రాంతంలో. వేంగిలో తూర్పు చాళుక్యుల పాలన అప్పటికింకా కొత్త. ఆంధ్ర దేశం రాజధాని పేరు ఆయన రాతలో 'పింగ్‌కీలో'. అది వేంగి అనీ, వేంగి అంటే నేటి పెదవేగి ప్రాంతమనీ చరిత్రకారుల మాట. నగరం చుట్టుకొలత ఇరవై 'లీ'లట. మన లెక్కలో సుమారు తొమ్మిది కిలోమీటర్లు. నేల సారవంతమైనదన్నాడు. ఇరవై బౌద్ధ ఆరామాలు, మూడు వేలమంది భిక్షువులు ఉన్నారన్నాడు. ఇక్కడి భాష మధ్యదేశం భాషకి వేరైనా అక్షరాలు దాదాపు ఒకటేనని కూడా గమనించాడు.

''మనుషుల సంగతి?'' అంది మా ఆవిడ.

''కోపం, దూకుడు ఎక్కువని రాశాడత్తా.''

''మీ మావయ్య ముత్తాతల్ని చూసుంటాడు,'' అంది.

పామాయిల్ తోటలు దాటి పెదవేగి చేరాం. నా మనసులో షియాన్ కోటగోడే ఉంది. ఎదురుగా ఉన్నది మాత్రం ఓ మట్టిదిబ్బ, తవ్వకాల్లో తేలిన ఇటుక కట్టడాల ఆనవాళ్లు. శాలంకాయనులు, విష్ణుకుండినులు, చాళుక్యులు ఏలిన నేల ఇదేనంటే నమ్మడం కష్టమే. అటుగా పోతున్న పెద్దాయనొకరు ఆగారు.

''ఎవరి తాలూకండీ?''

''గూడెం నుంచి వచ్చామండీ. ఊరు చూద్దామని.''

''ఇక్కడ చూడ్డానికేవుందండీ, దిబ్బేగా!'' అని నవ్వేసి వెళ్లిపోయారు. ఆయన్ని అనేదేముంది? పొరుగునే ఉండి నేను ఇన్నేళ్లూ అనుకున్నదీ అదేగా!

మధ్యాహ్నానికి కామవరపుకోట వైపు గుంటుపల్లి కొండలకి వెళ్లాం. హ్యుయాన్‌త్సాంగ్ రావడానికి సుమారు ఎనిమిది వందల ఏళ్ల ముందే బౌద్ధులు తొలిచిన గుహలవి. గుండ్రటి చైత్యగుహలోకి వెళ్లి తలెత్తితే, పైకప్పుకి వాసాలు కనిపిస్తాయి. అవి కర్రవి కావు. కొండరాయినే పూరింటి వాసాల్లా చెక్కారు. ''తాతయ్యా, రాతితో గుడిసె కట్టారు!'' అంది మనవరాలు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

అక్కణ్నుంచి మళ్లీ ఏలూరు మీదుగా దక్షిణానికి, కొల్లేటి వైపు. కైకలూరు దగ్గర ఆటపాకలో పడవెక్కేసరికి పొద్దు వాలుతోంది. చెట్లమీద, ఇనుప మంచెలమీద గూడబాతులు. పెద్ద ముక్కు కింద సంచి వేలాడేసుకుని, సంతకెళ్లొచ్చిన వాళ్లలా కూర్చున్నాయి.

కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. చెరువుల మీద బతికే ఇళ్లూ ఉన్నాయి, సరస్సు మీద బతికే పిట్టలూ ఉన్నాయి. తగువు ఇంకా తెగలేదు.

వేంగి రాజులు మాత్రం తమ నగరం దిబ్బవుతుందని అనుకుని ఉంటారా? ఎక్కడినుంచో వచ్చిన ఒక మనిషి శ్రద్ధగా చూసి నాలుగు వాక్యాలు రాసుకున్నాడు. అందుకే ఈవేళ ఆ దిబ్బ మనకి ఉత్త దిబ్బలా కనపడదు. పక్కనే ఉన్న మనం ఏం చూశాం, ఏం రాసుకున్నాం?

తిరుగు ప్రయాణంలో కారు వెనకసీట్లో పిల్ల నోటు పుస్తకంలో ఏదో రాస్తోంది. ''ఏంటమ్మా అది?'' అన్నాను.

''ఆ చైనా తాతలాగా నేనూ రాస్తున్నా. ఇవాళ ఏం చూశానో.''

తీసుకుని చదివాను. 'పెదవేగిలో కోట లేదు. దిబ్బ ఉంది. గుంటుపల్లిలో రాతి గుడిసె ఉంది. కొల్లేరులో నీళ్లు ఉన్నాయి. గూడబాతులు ఉన్నాయి.'

మా ఆవిడ కూడా తొంగి చూసింది. ''ఇది పెద్దయ్యాక, దీని పిల్లలు చదివినా 'ఉన్నాయి' అనే చదవాలండీ,'' అంది.