మత్తుమందు పేర మారణాయుధాలు

కొలంబియాకు అమెరికా ఇచ్చిన సైనిక సహాయం మత్తుమందుల మీద యుద్ధమేననీ, దాన్ని తప్పు పట్టడం నాబోటివాళ్లకు అలవాటైపోయిందనీ ఒక ఉపాధ్యాయ మిత్రుడు ఆక్షేపించాడు. సరే, లెక్కలతోనే మాట్లాడుకుందాం.

2000లో ‘ప్లాన్ కొలంబియా’ పేర అమెరికా కాంగ్రెసు, పొరుగు దేశాల వాటాతో కలిపి, సుమారు 130 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. కొలంబియాకు దక్కినదాంట్లో ముప్పాతికవంతు సైన్యానికీ, పోలీసులకూ పోయింది. హెలికాప్టర్లు అమెరికా కంపెనీలవే! ఆ ఏడు కోకా సాగు 1,63,000 హెక్టార్లని ఐక్యరాజ్యసమితి లెక్క. 2023లో 2,53,000. మధ్యలో తగ్గిన మాట నిజమే, దాచను. కాని రోడ్డు లేని ఊళ్లో అరటిగెలకు గిరాకీ ఏదీ? కోకాముద్దకైతే బేరగాడు గుమ్మంలోకే వస్తాడు. విమానాలనుంచి గ్లైఫోసేటు చల్లితే కూడుపెట్టే పైరు కూడా మాడింది.

గెరిల్లాలు కోకా మీద పన్ను పిండారు, మనుషుల్ని ఎత్తుకుపోయారు. మనలో కొందరు ఈ మాట ఎత్తరు, ఎత్తాలి. అయితే ఆ సాకుతో సైన్యం చేసిందేమిటి? 2002–2008 మధ్య కనీసం 6,402 మందిని అన్యాయంగా చంపి, పోరులో కూలిన శత్రువులుగా చూపించారని ఆ దేశపు శాంతి ప్రత్యేక న్యాయస్థానమే 2021లో ప్రకటించింది. శవాల లెక్కను బట్టి సైనికులకు సెలవులు, బహుమానాలు! పని ఇప్పిస్తామంటే నమ్మి వెళ్లిన సొవాచా కుర్రవాళ్లు ఎక్కడో ఒకాన్యా దగ్గర గోతుల్లో తేలారు.

మిత్రుడు దీన్ని సహాయమనే అంటాడా? 2019లో బాధితుల పక్షంవాళ్లు బొగోటాలో ఒక గోడ మీద సేనానుల బొమ్మలు వేసి, ‘ఆజ్ఞ ఇచ్చిందెవరు?’ అని రాస్తూండగానే, సైనికులు వచ్చి తెల్లరంగు పూసిపోయారు.